కొండచరియలు, కంప్యూటర్ పటాలు: మన యువత తెలుసుకోవలసింది

(బోరంచలో మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభల్లో మన పాటలు, తీజ్ పండుగ, మన గోర్ బోలి గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం పెద్దలు మా హాస్టల్ వాళ్ళను పిలిచి, పిల్లలకు పనికొచ్చే సైన్స్ ముచ్చట ఒకటి చెప్పమన్నారు. మేము ఎంచుకున్నది కొండచరియలు విరిగిపడటం గురించి. గణాంకాలతో, కంప్యూటర్‌లో గీసే పటాలతో ఆ ప్రమాదాన్ని ముందుగా ఎలా అంచనా కడతారో చెప్పుకుందాం.

"మన దిక్కు కొండలెక్కడున్నయి మేడం?" అని మా పిల్లలే అడిగారు. న్యాయమైన ప్రశ్న. బోరంచ మంజీర ఒడ్డు ఊరు. ఇక్కడ వాన ఎక్కువైతే నదితోని, వాగుతోని భయం గానీ కొండతోని కాదు. అయినా ఈ సంగతి మనకు కావాలి అనడానికి మూడు కారణాలు చెప్తాం.

ఒకటి, కొండ కూలినప్పుడు దాని కింద నలిగినవాళ్ళు చాలాసార్లు గిరిజనులే. రెండు, మన తండాల నుంచి పనికి పోయేవాళ్ళు ఎక్కడెక్కడికో పోతారు. రోడ్డు పని, రాయి పని, సొరంగం పని, ఏదైనా కావచ్చు. గుడారం వేసుకునే జాగా మంచిదా కాదా అని చూసే కన్ను వాళ్ళకు ఉండాలి. మూడో కారణం అన్నిటికంటె పెద్దది. పటం ఎవరు గీస్తారు, అందులో ఎవరి ఊరు ఉంటుంది, ఎవరి ఊరు ఉండదు అనేది ప్రతి తండా ప్రశ్న.

ముందు రెండు ఊర్ల గురించి చెప్తాం. మహారాష్ట్రలో పూణే జిల్లా అంబేగావ్ తాలూకాలో మాళీణ్ అనే ఊరు. ఎక్కువగా మహాదేవ్ కోళీ గిరిజనులు ఉండే ఊరు. 2014 జూలై 30 తెల్లవారుజామున, జోరువానలో, పైనున్న కొండ జారి ఊరి మీద పడింది. 151 మంది చనిపోయారు. ఆ దారిన వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవర్ చూస్తే ఊరు ఉన్నచోట బురద ఉంది. అతను చెప్తేనే బయటి లోకానికి తెలిసింది.

రెండోది రాయ్‌గఢ్ జిల్లాలోని ఇర్షాల్‌వాడీ. ఠాకర్ గిరిజనుల చిన్న వాడ. 2023 జూలై 19 రాత్రి కొండ విరిగి ఇళ్ళ మీద పడింది. 27 మంది శవాలు దొరికాయి. మరో 57 మంది జాడ తెలియక, అధికారులు చివరికి వెతకడం ఆపేశారు. బండి పోయే దారి లేదు కాబట్టి సహాయక బృందాలు కాలినడకన కొండ ఎక్కాయి. ఆ తర్వాత ప్రభుత్వమే చెప్పిన మాట ఒకటుంది: కొండచరియల ప్రమాదం ఉన్న గ్రామాల జాబితాలో ఇర్షాల్‌వాడీ పేరు లేదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన ముచ్చట మొత్తం దాని చుట్టే తిరుగుతుంది. ప్రమాదం ఉంది, మనుషులు ఉన్నారు, జాబితాలో పేరు మాత్రం లేదు.

ఇవి పక్క రాష్ట్రం సంగతులు అనుకోవద్దు. 2024 సెప్టెంబరు వానలకు అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలోని చట్రాపల్లిలో కొండచరియలు గిరిజనుల ఇళ్ళ మీదికి వచ్చాయి. ఇళ్ళు కొట్టుకుపోయాయి, ప్రాణం కూడా పోయింది. అంతకు కొద్దిరోజుల ముందు, ఆగస్టు 31న, విజయవాడ మొగల్రాజపురంలో కొండ రాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడి దారి మూసుకుపోయింది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వానాకాలం బండలు పడి రైళ్ళు ఆగడం కొత్త కాదు.

ఇప్పుడు కొండ ఎందుకు జారుతుందో చూద్దాం. కళ్ళంలో జొన్న రాశి పోస్తాం కదా. ఎంత పోసినా రాశి గోడలాగ నిలువుగా లేవదు. ఒక వాలు దాకా లేచి, ఆపైన గింజలు పక్కకు జారుతాయి. గింజకు గింజకు మధ్య ఉన్న పట్టు అంతవరకే ఆపుతుంది. కొండ మీది మట్టి కూడా అంతే. బరువు కిందికి లాగుతుంది, పట్టు ఆపుతుంది. వాన నీరు మట్టి సందుల్లో నిండితే రెండు పనులు జరుగుతాయి. మట్టి బరువు పెరుగుతుంది. సందుల్లోని నీరు ఒత్తిడితో రేణువులను ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది, పట్టు సడలుతుంది. చెట్ల వేర్లు మట్టిని కట్టిపడేస్తాయి, అందుకే చెట్లు నరికితే బలం తగ్గుతుంది. రోడ్డు కోసం కొండ పాదాన్ని కోస్తే రాశిని కింద నుంచి తోడినట్టే.

రాయి కూడా లెక్కలోకి వస్తుంది. తూర్పు కనుమల్లో, అంటే అరకు, పాడేరు కొండల్లో, విజయవాడ కొండల్లో కూడా ఖొండలైట్ అనే రాయి ఉంది. వేల ఏళ్ళ ఎండకు, వానకు అది చివికి ఎర్రమట్టి అవుతుంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఒడిశాలోని ఖోండ్ గిరిజనుల పేరే. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయికి వాళ్ళ పేరు పెట్టారు. ప్రపంచమంతా భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఒక గిరిజన జాతి పేరు రాయి పేరై నిలిచింది. రాయికి పేరు దొరికింది గానీ ఆ రాయి మీద బతికేవాళ్ళ గూడేలకు పటంలో చోటు దొరకడం ఇంకా కష్టంగానే ఉంది.

మాళీణ్, ఇర్షాల్‌వాడీ కొండల రాయి వేరు. అది దక్కన్ నల్లరాయి. మన నారాయణఖేడ్ నల్లరేగడి కింద ఉన్నదీ ఆ నల్లరాయే. రాయి ఒకటే అయినా అక్కడ ఊరు మీద కొండ పడింది, ఇక్కడ పడదు. ఎందుకు? అక్కడ నిట్టనిలువు వాలు ఉంది, వాన మనకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఒక్క కారణం చూసి ప్రమాదం చెప్పలేం. వాలు, రాయి, మట్టి, నీరు, చెట్టు, మనిషి చేసిన కోత అన్నీ కలిపి చూడాలి. ఇన్నిటిని ఒకేసారి కలిపి చూడటానికే కంప్యూటర్ కావాలి.

దీనికి వాడే సాఫ్ట్‌వేర్‌ను జీఐఎస్ అంటారు. పల్చటి కాగితాల మీద ఒకే ప్రాంతానికి వేరువేరు పటాలు గీశాం అనుకోండి. ఒకదాంట్లో వాలు, ఒకదాంట్లో రాయి రకం, ఒకదాంట్లో వాగులు, ఒకదాంట్లో రోడ్లు, ఒకదాంట్లో అడవి. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురుకు పట్టి చూస్తే ఎలా ఉంటుందో జీఐఎస్ పని అలా ఉంటుంది. కొండ ఎత్తులు ఉపగ్రహాల నుంచి వస్తాయి. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి భూమి ఎత్తులను కొలిచింది. 2005లో మన ఇస్రో పంపిన కార్టోశాట్-1 చిత్రాలతో మన దేశానికి ఎత్తుల పటం తయారైంది. ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో మీ తండాను మీరే చూసుకోవచ్చు. పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఈ పటాలన్నిటి కింద ఉండే అసలు పటం ఇంకొకటి ఉంది: ఇంతకు ముందు ఎక్కడెక్కడ కొండ జారింది అనే పట్టిక. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో దేశపు కొండచరియల అట్లాస్ విడుదల చేసింది. 1998 నుంచి 2022 వరకు జరిగిన దాదాపు 80,000 కొండచరియల ఘటనలు అందులో ఉన్నాయి. 147 జిల్లాలకు వరుస సంఖ్యలు ఇచ్చారు. ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ్ మొదటిది, టెహ్రీ రెండోది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, లెక్క ప్రకారం దేశంలో 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు, మంచు ప్రాంతాలు పోను మిగిలిన భూమిలో 12.6 శాతం, కొండచరియల ముప్పు ఉన్న నేల.

గణాంకం ఎట్లా పనిచేస్తుందో చిన్న లెక్కతో చెప్తాం. ఇది అర్థం కావడానికి మేము కల్పించిన లెక్క. ఒక కొండ ప్రాంతాన్ని 1000 గళ్ళుగా చేశాం. అందులో 50 గళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు కొండ జారింది. అంటే మొత్తం మీద నూటికి 5. ఇప్పుడు బాగా ఏటవాలుగా ఉన్న గళ్ళు 200 తీసుకుంటే, వాటిలో 30 జారాయి. నూటికి 15. పదిహేనును అయిదుతో భాగిస్తే 3. అంటే ఏటవాలు చోట ప్రమాదం సగటుకు మూడు రెట్లు. ఇట్లాగే ప్రతి రాయి రకానికి, రోడ్డుకు దగ్గర దూరాలకు, అడవి ఉన్నదానికి లేనిదానికి ఒక్కో అంకె వస్తుంది. అంకెలన్నీ కూడితే ప్రతి గడికి ఒక మొత్తం. ఎక్కువ వచ్చిన గడికి ఎర్ర రంగు, తక్కువ వచ్చినదానికి పచ్చ రంగు. ప్రమాద పటం అంటే మూలంలో ఇదే. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్ళకు అందనిది కాదు.

ఈ పటం ఎక్కడ జారవచ్చో చెప్తుంది. ఎప్పుడు అనేది వాన చెప్తుంది. 1980లో కేన్ అనే శాస్త్రవేత్త ప్రపంచంలో అప్పటికి రాసిపెట్టి ఉన్న 73 ఘటనలు తీసుకుని ఒక గీత గీశారు. ఆ గీత ప్రకారం ఒక గంటలో దాదాపు 15 మిల్లీమీటర్లు, లేదా రోజంతా కలిపి దాదాపు 100 మిల్లీమీటర్లు దాటితే వాలు మీది మట్టి జారే అవకాశం మొదలవుతుంది. ఇది అన్ని కొండలకు ఒకే అంకె కాదు. ప్రతి ప్రాంతానికి తన గీత తాను గీసుకోవాలి.

అయితే వాన ఎంత పడిందో ఎట్లా తెలుస్తుంది? వర్షమాపకం ఉన్నచోటే తెలుస్తుంది. నారాయణఖేడ్‌లో ఒకటి, మనూరులో ఒకటి ఉంటే మధ్యలో ఉన్న తండా సంగతి? ఇక్కడికే జియోస్టాటిస్టిక్స్, అంటే భూగణాంక శాస్త్రం వస్తుంది. దీని పుట్టుక దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో. డానీ క్రీగ్ అనే మైనింగ్ ఇంజనీర్ 1951లో, అక్కడక్కడ తవ్విన బోరు రంధ్రాల నుంచి మధ్య నేలలో బంగారం ఎంత ఉంటుందో లెక్కకట్టే పద్ధతి చెప్పారు. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మాతెరాన్ 1960లలో దాన్ని గణితశాస్త్రంగా నిలబెట్టి, క్రీగ్ పేరు మీద క్రీగింగ్ అన్నారు.

దాని మూల సూత్రం మన ముసలమ్మలకు తెలిసిందే. పక్క చేనులో వాన పడితే మన చేనులో పడే అవకాశం ఎక్కువ. పది ఊర్ల అవతల పడితే చెప్పలేం. దూరం పెరిగేకొద్దీ తేడా ఎంత పెరుగుతుందో ముందు కొలుస్తారు. ఆ కొలత ప్రకారం దగ్గరి మాపకానికి ఎక్కువ బరువు, దూరపు మాపకానికి తక్కువ బరువు ఇచ్చి మధ్య చోటు విలువ కడతారు. ఇందులో ఇంకో గొప్ప సంగతి ఉంది. క్రీగింగ్ రెండు పటాలు ఇస్తుంది. మొదటిది వాన అంచనా. రెండోది ఆ అంచనాను ఎక్కడ ఎంత నమ్మవచ్చో చెప్పే పటం. మాపకాలు లేనిచోట రెండో పటం "ఇక్కడ నాకు సరిగ్గా తెలియదు" అని చెప్తుంది. అంత నిజాయితీ ఉన్న శాస్త్రం ఇది. రెండో పటం చూడకుండా మొదటిదే పట్టుకుని తిరిగితే ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

ఇప్పుడు ఇర్షాల్‌వాడీ దగ్గర ఆపిన మాటకు వద్దాం. ఇంకో కల్పిత లెక్క. మళ్ళీ 1000 గళ్ళు. 400 గళ్ళు రోడ్డు పక్కన, 600 గళ్ళు లోపలి అడవిలో, గూడేల దగ్గర. నిజంగా జారినవి రోడ్డు పక్కన 20, లోపల 30. రెండు చోట్లా నూటికి 5. ప్రమాదం సమానం. కానీ రోడ్డు మీద కొండ పడితే బస్సు ఆగుతుంది, పేపర్లో వస్తుంది, ఇంజనీర్ వచ్చి రాసుకుంటాడు. లోపల పడితే ఎవరు రాస్తారు? మబ్బు పట్టినప్పుడు ఉపగ్రహం చూడలేదు, కొన్నాళ్ళకు గడ్డి మొలిచి ఆనవాలు పోతుంది. ముప్పైలో మూడే పట్టికకు ఎక్కాయి అనుకుందాం. అప్పుడు కంప్యూటర్ లోపలి ప్రాంతానికి కట్టే లెక్క నూటికి అర. రోడ్డు పక్కన నూటికి 5. నిజంలో రెండూ ఒకటే, పటంలో మాత్రం గూడెం రోడ్డు కంటె పదిరెట్లు భద్రంగా కనిపిస్తుంది.

చూశారా తమ్ముళ్లారా? కూడికలో, భాగాహారంలో ఎక్కడా తప్పు లేదు. సాఫ్ట్‌వేర్ మంచిదే. అయినా పచ్చ రంగు పడింది. ఆ పచ్చ రంగుకు "ఇక్కడ ప్రమాదం లేదు" అని అర్థం కాదు, "ఇక్కడి సంగతి ఎవరూ రాయలేదు" అని అర్థం. పటం చూసేవాడికి ఆ తేడా తెలియదు. అక్కడికి మాపకం రాదు, హెచ్చరిక రాదు, గోడ కట్టే డబ్బు రాదు. రాయని ఊరు లేని ఊరు అయిపోతుంది.

దీనికి మందు కూడా ఉంది. కేరళలోని వయనాడ్‌లో కల్పెట్ట పట్టణం నుంచి పనిచేసే హ్యూమ్ సెంటర్ అనే సంస్థ, స్థానికుల సాయంతో జిల్లా అంతా రెండు వందలకు పైగా వర్షమాపకాలు పెట్టింది. రోజూ అంకెలు వస్తాయి, పటం మీద పడతాయి. 2024 జూలై 30 తెల్లవారుజామున ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగి రెండు వందలకు పైగా మనుషులు చనిపోయిన సంగతి మీకు తెలుసు. ముందురోజే ఆ సంస్థ అధికారులకు ముప్పు ఉందని చెప్పింది. హెచ్చరిక ఉన్నా అందరూ ఖాళీ కాలేదు, అది వేరే బాధ. కానీ మామూలు మనుషులు కొలిచిన అంకెలు ఎంత పనికొస్తాయో చూడండి.

సరిగ్గా దానికి 11 రోజుల ముందు, 2024 జూలై 19న, కోల్‌కతాలో జీఎస్ఐ జాతీయ కొండచరియల ముందస్తు అంచనా కేంద్రాన్ని కేంద్ర గనుల మంత్రి కిషన్ రెడ్డి గారు ప్రారంభించారు. భూసంకేత్ అనే పోర్టల్, భూస్ఖలన్ అనే మొబైల్ యాప్ కూడా తెచ్చారు. ఆ యాప్‌లో కొండ జారిన చోటు వివరాలు మామూలు మనిషి కూడా పంపవచ్చు. అంటే పట్టికలో రాసే కలం ఇప్పుడు మీ చేతికీ వచ్చింది.

కాబట్టి మేము మిమ్మల్ని అడిగేవి నాలుగు పనులు.

మొదటిది, కొలవడం నేర్చుకోండి. నిటారు గోడలున్న డబ్బా, ఒక స్కేలు ఉంటే వర్షమాపకం అయినట్టే. చెట్టుకు, గోడకు దూరంగా బయలు జాగాలో పెట్టండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు లోతు చూసి మిల్లీమీటర్లలో రాసి, పారబోయండి. వాతావరణ శాఖ కూడా ఆ వేళకే కొలుస్తుంది. వాన లేని రోజు సున్నా రాయండి. సున్నా కూడా సమాచారమే, ఖాళీ గడి కాదు.

రెండోది, మీ తండా పటం మీరే గీయండి. 2018లో మన తండాలు ఎన్నో గ్రామ పంచాయతీలు అయ్యాయి. బోర్డు మారింది, మరి పటం? జీఎస్ఐ కొండచరియల పటాలు 1:50,000 కొలతలో ఉంటాయి, అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. నలభై ఇళ్ళ తండా ఒక చుక్క. ఫోన్‌లోని జీపీఎస్‌తో ఇళ్ళు, బావులు, బోర్లు, వాగు దాటే చోట్లు, మంజీర పొంగితే నీరు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ గుర్తు పెట్టి క్యూజీఐఎస్‌లో ఎక్కించండి. కొండ లేకపోతే వరదతో మొదలుపెట్టండి. పద్ధతి ఒకటే. ఏ సంవత్సరం నీళ్ళు ఏ గడప దాకా వచ్చాయో తండాలో పెద్దలకే తెలుసు. వాళ్ళను అడిగి, తేదీతో సహా రాయండి. వాళ్ళు పోతే ఆ పట్టిక కూడా పోతుంది.

మూడోది, పనికి పోయే అన్నలకు, బావలకు ఈ గుర్తులు చెప్పండి. కొండ మీద కొత్త పగుళ్ళు, చెట్లు, కరెంటు స్తంభాలు ఒక పక్కకు వంగడం, తలుపులు ఉన్నట్టుండి పట్టేయడం, ఊట నీరు ఒక్కసారిగా బురదగా మారడం లేదా ఆగిపోవడం, పైనుంచి గుడగుడ శబ్దం. వీటిలో ఏది చూసినా, వాన జోరుగా ఉంటే, సామాను చూసుకోకుండా ఆ చోటు వదలాలి. వాగు వెంట కిందికి ఉరకొద్దు. బురద కూడా ఆ దారినే వస్తుంది. పక్కకు, గట్టు మీదికి పోవాలి. కోసిన కొండ పాదంలో, వాగు నోట్లో గుడారం వేయొద్దు. మేస్త్రీ చూపించిన జాగా అయినా సరే, వేరే జాగా అడగండి.

నాలుగోది, చదువు. డిగ్రీలో జియాలజీ, జాగ్రఫీ, స్టాటిస్టిక్స్ ఉన్నాయని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందరూ ఒకే రెండు మూడు కోర్సుల వెంట పడతారు. ఉస్మానియాలో జియాలజీ ఉంది. రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, జీఎస్ఐ శిక్షణ సంస్థ బండ్లగూడలోనే ఉంది. భూగర్భ శాస్త్రవేత్తల ఉద్యోగాలకు యూపీఎస్సీ ప్రత్యేకంగా పరీక్ష పెడుతుంది, అందులో ఎస్టీ రిజర్వేషన్ కూడా ఉంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఇంటర్నెట్‌లో ఉచితంగా జీఐఎస్ పాఠాలు చెప్తుంది. ఇది తమ్ముళ్ళ పనే అనుకోకండి. మా హాస్టల్ ఆడపిల్లలు క్యూజీఐఎస్ తెరిచి తమ తండా మీద మొదటి చుక్క పెట్టినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి.

మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి నడిపినవాళ్ళు. ఏ కనుమ దాటవచ్చు, ఏ వాగు ఎప్పుడు దాటకూడదు, ఎక్కడ విడిది చేయాలి అన్నది వాళ్ళకు నోటికి వచ్చు. అది వాళ్ళ బతుకు లెక్క. దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఈ కాలంలో సర్కారుకు వినబడేది కాగితం మీది మాట, పటం మీది చుక్క. మన పెద్దల జ్ఞాపకాన్ని ఆ చుక్కగా మార్చగలిగినవాళ్ళు మీరే. అరకు కొండల్లోని గూడేనికి, వయనాడ్ వాడకు, మన మంజీర ఒడ్డు తండాకు అందరికీ కావలసింది అదే.

ఈ వానాకాలం ప్రతి తండాలో ఒక డబ్బా, ఒక నోట్‌బుక్, ఒక పిల్ల లేదా పిల్లగాడు ఉండాలని సంఘం తరఫున కోరుతున్నాం. నేర్పడానికి మా హాస్టల్ తలుపు ఆదివారం తెరిచే ఉంటుంది. రండి.

జై సేవాలాల్. రామ్ రామ్.